ఒక పక్క అరగదీసిన వాషరు

రుషికొండ నుంచి రాజుగారు ఫోన్ చేసి, "మీ తుపాకీ ఒకటి నా దగ్గర ఉండిపోయిందమ్మా, స్థలం ఖాళీ చేసేస్తున్నాం, వచ్చి పట్టుకెళ్ళు" అన్నప్పుడు నేను సిటీ బస్సులో ఉన్నాను. నా ఫోన్ గొంతు పెద్దది. పక్క సీట్లో ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి, సంచీ ఒళ్ళోకి లాక్కుని, వచ్చే స్టాపులో దిగిపోయింది. ఆవిడ దిగాల్సిన చోటు అది కాదని నాకు గట్టి అనుమానం. పిలిచి చెబుదామనుకున్నాను, అది మనుషుల్ని చంపే తుపాకీ కాదమ్మా, గాలి ఒత్తిడితో రంగు ఉండల్ని విసిరే ఆట తుపాకీ అని. డబ్బిచ్చి ముసుగులు వేసుకుని, పీపాల వెనక నక్కి, ఒకళ్ళ మీద ఒకళ్ళు రంగు కొట్టుకునే ఆటస్థలం ఒకటి రాజుగారు ఇరవై ఏళ్ళు నడిపారు. అక్కడి తుపాకుల్లో ఒకదాన్ని కంచరపాలెంలో మా నాన్న, నేను కలిసి లేత్ మిషన్ మీద చేశాం. కలిసి అని ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నాను. అప్పుడు ఆ మాట బయటికి రాకూడదు.

రైలు పట్టాలకి ఆనుకుని మా షెడ్డు, షెడ్డు వెనకాల మా ఇల్లు. మధ్య గోడకి తలుపు లేదు, గోనె పరదా ఒకటే. అందుకని మా ఇంట్లో చేపల పులుసు ఉడికినా ఇనుము కాలిన వాసన కలిసే వచ్చేది. షెడ్డులో నాన్న భోజనానికి కూర్చుంటే కూలెంట్ నూనె, చింతపండు కలిసిన వాసన. నాన్న పని దిగాక కిరసనాయిలుతో ఒకసారి, బట్టల సబ్బుతో ఒకసారి చేతులు తోముకునేవాడు, అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. అమ్మకి ఒక అలవాటు ఉండేది. నాన్న చొక్కా నీళ్ళలో వెయ్యకముందు, పాత రేడియో స్పీకరు పగలగొట్టి తీసిన అయస్కాంతం దాని మీద అంగుళం అంగుళం తిప్పేది. ఇనుప రజను ముక్కలు జివ్వున లేచి దానికి అంటుకునేవి. అవి గుచ్చుకుని ఆవిడ అరచేతులు ఎన్నిసార్లు చీముపట్టాయో. పెళ్ళైన కొత్తలో అలాంటి ముక్కే ఒకటి ఎగిరి నాన్న ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను పోయింది. నాకు తెలిసిన నాన్న ఎప్పుడూ ఒంటికన్ను నాన్నే.

ఆ ఒక్క కన్నుతోనే ఫిషింగ్ హార్బర్‌లో సగం బోట్లకి, ఇంజిన్ నుంచి నీళ్ళలో ఫ్యాను తిప్పే షాఫ్టులు చేశాడు. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఏ బోటుకైనా కొత్త షాఫ్టు బిగిస్తే, దాన్ని చేసినవాడు మొదటి తిరుగుడుకి బోటెక్కాలి. హార్బర్ గేటు దాటి, పెద్ద అలలు తగిలేదాకా వెళ్ళి, మళ్ళీ ఒడ్డుకి రావాలి. ఎవరూ నోరు తెరిచి అడగరు. ఎక్కనివాడి పని మాత్రం బోటువాళ్ళు పట్టుకెళ్ళరు. నాన్న తెల్లవారకముందే వెళ్ళి ఎక్కేవాడు. అమ్మ కట్టిచ్చిన అటుకుల పొట్లం తడిసిపోతే, తడిసిందే తినేవాడు. "సేసినోడు ముందు ఎక్కాల. మనం ఎక్కని దాని మీద ఇంకో మనిసిని ఎక్కించకూడదు," అనేవాడు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న చదువంతా అదే. పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివింది దానికి తోక.

నా డిప్లొమా అయిన ఏడే నాన్న కుడి కన్ను మసకబడటం మొదలైంది. నాకు చెప్పలేదు. సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్ నా చేతికిచ్చి, "నూని పడింది, అంకెలు కనపడ్డం నేదు, సూసి సెప్పు" అన్నాడు. నూనె లేదు. నేను చదివి చెప్పాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నేనే గొడవపడి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళాను. కన్ను వెనక నరం పాడవుతోందని, పోయింది తిరిగిరాదని, ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలని ఆయన చెప్పాడు. లేచి వచ్చేటప్పుడు నన్ను వెనక్కి పిలిచి, "కంటికి చిన్న దెబ్బ కూడా తగలకూడదమ్మా, గుర్తుపెట్టుకో" అన్నాడు. మెట్లు దిగుతూ నాన్న అన్న మాట ఒకటే: "ఆర్బర్లో తెలిస్తే షాపు మూసీయాల."

అందుకని మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. గిరాకీలు ఎవరూ లేనప్పుడు షట్టర్ సగం దించి, మిషన్ మీద నేను పని చేసేదాన్ని. మనిషి వస్తే నాన్న చక్రం పట్టుకునేవాడు, నేను గుడ్డ పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. కొలత సరిపోగానే దగ్గేదాన్ని. ఒక దగ్గు అయితే ఆపు, రెండైతే ఇంకాస్త తియ్యి. ఆర్నెల్లు అలా దగ్గాను. హార్బర్ నుంచి వచ్చే బోటు ఓనరు ఎర్రయ్య మావ నా మీద జాలిపడి, "ఆ పిల్లకి ఎక్సురే తీయించు బావ" అని నాన్నకి చెప్పి వెళ్ళాడు. మేమిద్దరం పరదా వెనక్కి పోయి, కడుపులు పట్టుకుని నవ్వాం. అమ్మ నవ్వలేదు.

ఆ రోజుల్లోనే రాజుగారు ఒక టర్కీ తువ్వాలు మూట పట్టుకుని వచ్చారు. భీమవరం వైపు మనిషి, మాటలో అండీ తప్పేది కాదు. తువ్వాలులో విరిగిన పెయింట్‌బాల్ తుపాకీ. "బయటి నుంచి తెప్పించాలంటే నెలలు పడుతోందండి మేస్త్రీగారూ. ఆదివారాలు కంపెనీల పిల్లలు గుంపులుగా వస్తారండి, సామానేమో చాలదు. దీన్ని చూసి ఇలాంటిదొకటి చేసి పెట్టండి," అన్నారు. నాన్న అడిగిన మొదటి ప్రశ్న: "పోలీసోలకి తెలుసేటి బాబూ?" ఆయన స్టేషన్‌లో ఇచ్చిన కాగితం నకలు చూపించారు. అప్పుడు నాన్న దాన్ని విప్పి, ముక్కలన్నీ తువ్వాలు మీద వరసగా పెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమాడు. గాలి డబ్బా, దాని మూతి మూసే కవాటం, కవాటాన్ని కొట్టే సుత్తిముక్క, సుత్తిని తోసే స్ప్రింగు, ముందు గొట్టం. "బోటు పంపుకీ దీనికీ తేడా ఏటుంది?" అన్నాడు. ఆ గొంతులో చాలా నెలల తర్వాత హుషారు విన్నాను. అది విని నాకూ పిచ్చెక్కింది.

ఇరవై రోజులు మా ఇంట్లో ఇంకో మాట లేదు. నా పాలిటెక్నిక్ పుస్తకాల ఖాళీ పేజీల నిండా బొమ్మలు గీశాను. అట్టముక్కలు కత్తిరించి పట్టు ఎలా ఉంటుందో చూసుకున్నాను. అన్నం తింటూ నాన్న వేలితో కంచంలో గీత గీసేవాడు, నేను చెరిపి ఇంకోటి గీసేదాన్ని, అమ్మ ఇద్దరి చేతులూ విసురుగా తోసేసి చారు పోసేది. మమ్మల్ని విసిగించింది ఒక్కటే, మిషన్ మీద లైటు. దాని నట్టు ఎప్పుడూ వదులే, గూడ్సు బండి వెళితే చాలు అటూ ఇటూ ఊగేది, నీడలో కొలత తప్పేది. అగరొత్తుల పెట్టె అట్ట మడిచి కుక్కాను. రెండు రోజులకి అదీ జారిపోయేది. రోజూ దాన్ని తిట్టుకుంటూనే గొట్టం ఇత్తడితో తిప్పాను.

మొదటి తప్పు నాన్నది. పంపు పనులు చేసిన చెయ్యి కాబట్టి గొట్టాన్ని ఉండకి సరిగ్గా అతికినట్టు, గాలి కూడా దూరనంత బిగువుగా చేయించాడు. ఉండల్ని రాజుగారి ఆఫీసులో ఏసీ గదిలో కొలిచి వచ్చాను. తుపాకీ తీసుకెళ్ళి సముద్రం గాలిలో పేలిస్తే మొదటి ఉండ గొట్టంలోనే చితికింది. రెండోదీ అంతే. పసుపు రంగు కారి రాజుగారి చొక్కా మీద పడింది. నాన్న పళ్ళెంలో బయట ఉన్న ఉండని బొటనవేలితో నొక్కి చూసి, నెత్తిమీద కొట్టుకున్నాడు. "ఉప్పుగాలికి అప్పడం మెత్తబడదేటి? ఇదీ ఉబ్బింది," అన్నాడు. బోటు చెక్క నీళ్ళలో ఉబ్బుతుందని ముందే వదులు వదిలిపెట్టే మనిషి, ఉండ తోలు ఉబ్బుతుందని మర్చిపోయాడు. గొట్టాన్ని మళ్ళీ మిషనెక్కించి ఆ మేరకి పెద్దది చేశాం.

రెండో తప్పు నాది. శుక్రవారం మధ్యాహ్నం రాజుగారు తుపాకీ, మూత బిగించిన డబ్బాలో కొన్ని ఉండలు వెనక్కి తెచ్చారు. ఇప్పుడు ఉండ చితకడం లేదు గానీ, సగం దూరం కూడా పోకుండా పడిపోతోందట. ఆదివారం పొద్దున్నే పెద్ద గుంపు వస్తోంది, అప్పటికి కావాలన్నారు. "సూద్దాం బాబూ," అని నాన్న పడుకున్నాడు. నాకు ఆగడం చేతకాదు, ఇప్పటికీ చేతకాదు. స్ప్రింగు దెబ్బ చాలడం లేదని నాకు నేనే తేల్చేసుకున్నాను. డబ్బాలోంచి ఒక ఇత్తడి వాషరు తీసి స్ప్రింగు వెనకాల పెట్టాను. అది పెద్దదై పట్టలేదు. ఒక పక్క ఆకురాయితో అరగదీసి, బలవంతాన దూర్చాను. పెరట్లో పాలపొడి డబ్బా గోడ మీద పెట్టి కొట్టాను. పోల్చుకోడానికి రాజుగారు ఇచ్చిన మంచి తుపాకీతో కొడితే ఆ డబ్బా పక్కకి దొర్లేది, అంతే. నా దెబ్బకి నడుం విరిగి, లోపలికి నొక్కుకుపోయింది. ఎగిరి గంతేశాను. ఒక నిమిషం తర్వాత ఆ డబ్బాని చేతిలోకి తీసుకుని చూశాను, ఇదే మనిషికి తగిలితే అనిపించింది. వాషరు తీసేద్దామనుకున్నాను. అంతలో నాన్న లేచాడు, వెనకే పంపు పట్టుకుని ఎవరో వచ్చారు, నేను దగ్గడానికి నిలబడ్డాను.

శనివారం పొద్దున నేను లేచేసరికి నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ ఒళ్ళో ఉంది. స్ప్రింగుని బిగించే దాని వెనక ముక్కని లాగుతూ వదులుతూ ఉన్నాడు.

"ఏటైనా సేసావేటి దీనికి?" అన్నాడు నావైపు తిరగకుండా.

"తుడిసాను నాన్నా, అంతే."

ఆ అబద్ధం ఎందుకు ఆడానో ఇన్నేళ్ళలో వంద కారణాలు చెప్పుకున్నాను. అసలు కారణం చాలా చిన్నది. ఆయన్ని అడక్కుండా చేశానని ఒప్పుకోవడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. దారిలో చెబుదాంలే అనుకున్నాను. దారిలో ఎర్రయ్య మావ ఉన్నాడు. రుషికొండ హోటల్‌కి చేపలు వెయ్యడానికి వెళుతూ తన వ్యానులో మమ్మల్ని ఎక్కించుకున్నాడు. మావ వింటే హార్బర్ విన్నట్టే. ఐసు నీళ్ళు కాళ్ళ కింద కారుతుంటే, తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను.

అక్కడికి వెళ్ళగానే నేను చూసింది పళ్ళెం. రంగు ఉండలన్నీ ఆరుబయట బల్ల మీద ఉన్నాయి. "నిన్న సాయంత్రం ఫోన్ చేసి మీ నాన్నగారే చెప్పారమ్మా, రాత్రంతా బయటే ఉంచమని," అన్నారు రాజుగారు. "మొన్న చితికాయని నేను భయపడి, ఏసీలోంచి తీసినవి తీసినట్టే వాడానండి. గొట్టమేమో పెద్దది, ఉండలేమో చిన్నవి. గాలంతా పక్కనుంచి పోయిందట!" అంటే లోపం స్ప్రింగుది కాదు. నాన్న పడుకునే తేల్చేశాడు. ఇప్పుడు ఉబ్బిన ఉండ గొట్టానికి సరిగ్గా అతుకుతుంది, దాని వెనక నా వాషరు. నిన్న డబ్బా నడుం విరిగింది వదులు ఉండతో.

"రాజుగారూ, కొట్టండి. నాను నిలబడతాను," అన్నాడు నాన్న.

"మీరెందుకండీ? ఆ పీపా మీద కొట్టి చూద్దాం."

"అలా కుదరదు బాబూ," అని ఎర్రయ్య మావ కలగజేసుకున్నాడు. "మా ఆర్బర్లో సేసినోడే ముందు నిలబడాల. బావ ఇన్నాళ్ళూ ఒక్కసారీ తప్పనేదు."

నాన్న కళ్ళజోడు తీసి నా చేతిలో పెట్టాడు. ముసుగు తీసుకున్నాడు. అది పాతది, వెనక పట్టీ సాగిపోయి జారుతోంది, దాన్ని ఒక చేత్తో నొక్కి పట్టుకుని ఇరవై అడుగుల అవతలికి నడిచాడు. దారిలో రాయి తగిలి కొంచెం తూలాడు. ఎర్రయ్య మావ చూడలేదు, నేను చూశాను. డాక్టర్ మాట చెవిలో మోగుతోంది, చిన్న దెబ్బ కూడా తగలకూడదమ్మా. నోరు తెరిస్తే మావ ముందు అంతా చెప్పాలి. వాషరు పెట్టింది నేనంటే, ఎందుకు పెట్టావు, నీకేం తెలుసు అంటారు. ఆర్నెల్లుగా షాఫ్టులు తిప్పుతున్నది నేనేనని చెప్పాలి. ఆ ఒక్క మాటతో నాన్న ముప్పై ఏళ్ళ పేరు పోతుంది. తెరవకపోతే కన్ను పోవచ్చు. రాజుగారు ఉండ లోపల వేశారు. వెనక ముక్క లాగారు. నా చేతిలో కళ్ళజోడు చెమటకి జారుతోంది. ఆయన చెయ్యి పైకి లేచింది.

"ఆగండి!" అని పరిగెత్తాను. నాన్న ముందుకి వెళ్ళి నిలబడ్డాను. "నాను సేసాను అది. వెనక వాషరెట్టాను, గట్టిగా కొడతాది. గొట్టం నాదే, సుత్తిముక్క నాదే. ఎర్రయ్య మావా, నీ బోటు షాఫ్టూ నాదే. నాన్నకి కన్ను కనపడ్డం నేదు. ఆర్నెల్లయింది." ఏడుస్తూ అన్నానో, అరుస్తూ అన్నానో గుర్తు లేదు. ఎర్రయ్య మావ నోట్లో చుట్ట అలాగే ఉండిపోయింది.

నాన్న ముసుగు తీశాడు. నన్ను తిడతాడనుకున్నాను. పట్టీని ముడివేసి, బిగించి, నా తలకి తొడిగాడు. "అయితే నువ్వే నిలబడు. సేసినోలు నిలబడాల," అని చెప్పి, తడుముకుంటూ పక్కకి తప్పుకున్నాడు. వెనక్కి వచ్చే దారి నాకు లేదు. వాషరు తీసేస్తానని అనొచ్చు, ఆ క్షణంలో అది తట్టలేదు, తట్టినా నిలబడేదాన్నే. రాజుగారు రెండుసార్లు వద్దన్నారు. మూడోసారి కొట్టారు. ఎడమ భుజం మీద చెర్నాకోలతో కొట్టినట్టు తగిలింది. చున్నీ అంతా పసుపు. భుజం ఉందో లేదో తడిమి చూసుకున్నాను, ఉంది. "సరిగ్గా సరిపోయిందమ్మా, మిగతావాటిలాగే ఉంది!" అని రాజుగారు అంటుంటే నమ్మకం కలగలేదు. నా అదృష్టం అనుకున్నాను.

తర్వాత జరిగింది మామూలే. వాషరు సంగతి చూస్తానని నేను తుపాకీ అడిగితే, "బాగున్నదాన్ని విప్పకు," అని నాన్న దాన్ని రాజుగారికే ఇచ్చేశాడు. దాని గురించి చాలా నెలలు భయపడ్డాను, వెళ్ళి చూస్తే అది బుద్ధిగా పని చేస్తూనే ఉండేది. హార్బర్‌కి కబురు చేరింది. మూడు నెలలు షెడ్డులో ఈగలు తోలాం. అమ్మ ఆ రోజుల్లో నాన్న చొక్కా మీద అయస్కాంతం తిప్పితే ఏమీ లేచేది కాదు, అయినా తిప్పేది. నాలుగో నెలలో ఎర్రయ్య మావే షాఫ్టు మోసుకొచ్చి నేల మీద పడేశాడు. "పిల్ల సేస్తే సెయ్యనీ బావ. గానీ బోటు ఎక్కుతాదా?" అన్నాడు. ఎక్కాను. గేటు దాటాక మూడుసార్లు వాంతి చేసుకున్నాను, ఇంజిన్ కుర్రాళ్ళు నవ్వారు, షాఫ్టు మాత్రం నిలిచింది. ఇప్పుడు నాకు కొలతలు చెప్పే డిజిటల్ వెర్నియర్ ఉంది. పని అయ్యాక ఫోన్‌లో వీడియో తీసి పంపితే చాలంటున్నారు, బోటు ఎక్కమని ఎవరూ కోరడం లేదు. గ్యారంటీ కాగితం మీద సంతకం పెడుతున్నాను. ఆ సంతకం పెట్టేటప్పుడు ఒక్కసారి కూడా నాకు కడుపులో తిప్పలేదు, అది మంచిదో చెడ్డదో తెలియదు.

రాజుగారి దగ్గర తుపాకీ తెచ్చిన సాయంత్రమే దాన్ని బల్ల మీద విప్పాను. నాన్న షెడ్డు గుమ్మంలో తన స్టూలు మీదే ఉన్నాడు. ఇప్పుడు ఆయనకి వెలుతురు, చీకటి తేడా మాత్రం తెలుస్తుంది. స్ప్రింగు బయటికి తీసి, వెనక గూడులో వేలు పెట్టాను. టార్చి వేసి చూశాను. ఏమీ లేదు.

"నాన్నా, ఇందులో వాషరుండాల. నేదేటి?"

"ఒక పక్క అరగదీసిందేనా?" అన్నాడు.

నా చేతిలో స్ప్రింగు బల్ల మీద పడింది. ఆ రోజు పొద్దున్నే తీసేశాడట, నేను లేవకముందే. వెనక ముక్క లాగి చూస్తే వేలికి బరువు తెలిసిందట.

"తెలిసే నన్ను అడిగావా? ఏటైనా సేసావా అని?"

"అడిగాను. తుడిసానన్నావు."

నాకు ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు. ఆ భుజం మీద నల్లమచ్చ పదిరోజులుంది, నా పిల్లలకి ఆ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్క లేదు. "తెలిసే నన్ను అక్కడ నిలబెట్టావా? మావ ముందు నీ కన్ను సంగతి అంతా కక్కించావా?"

"నిలబడింది నాను. నువ్వే పరిగెత్తుకొచ్చావు." అన్నాడు నాన్న. "కన్ను సంగతి ఎప్పుడోకప్పుడు తెలిసీదే. నాకు కావలసింది అది కాదు."

"నాను రాకపోతే?"

"రాకపోతే ఒక ఉండ తగిలీది, ముసుగు పట్టుకునే ఉన్నాను. మర్నాటి నుంచి నిన్ను మిషన్ ముట్టుకోనిచ్చీవోణ్ణి కాదు. తప్పు పని అందరం సేత్తాం, నాను సెయ్యనేదేటి? తప్పుందని తెలిసీ ఇంకో మనిసిని ముందు నిలబెట్టినోలకి మిషన్ ఇవ్వకూడదమ్మా."

ఆ రోజు నేను కాపాడింది ఆయన కన్నుని అనుకుంటూ ఇన్నాళ్ళూ బతికాను. పోగొట్టుకోబోయింది నా మిషన్ని. ఒక్క ఊపిరి ఆలస్యమైతే అది పోయేది. కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఏదీ ఆ వాషరు?" అన్నాను చివరికి.

"నీ నెత్తి మీదే ఉంది. లైటు ఊగతన్నాదని రోజూ సణిగీదానివి కదేటి?"

స్టూలెక్కాను. మిషన్ మీద లైటు నట్టు చుట్టూ నూనె, దుమ్ము గడ్డకట్టి ఉన్నాయి. నా అట్టముక్క ఎప్పుడో నిలదొక్కుకుందని అనుకుని, ఇన్నేళ్ళు ఒక్కసారి కూడా అటు చూడలేదు. గోటితో గీకాను. కింద ఇత్తడి మెరిసింది. వేలితో దాని చుట్టూ తడిమితే, ఒక పక్క గుండ్రంగా లేదు, అరగదీసి ఉంది. అంతలో గూడ్సు బండి వచ్చింది. షెడ్డు రేకులు, బల్ల మీది స్ప్రింగు, నా కాళ్ళ కింద స్టూలు, అన్నీ అదిరాయి. లైటు కదల్లేదు.